చింత చచ్చినా పులుపు చావని ‘త్రీ నాట్ త్రీ’: రెండో తూటా ఎందుకు మొరాయిస్తుంది?

ఎన్నికలప్పుడు పోలింగు కేంద్రం గుమ్మం ముందు, తిరునాళ్ళలో రథం వెనుక, బ్యాంకు డబ్బు పెట్టె పక్కన పోలీసు జవాను భుజాన వేలాడే చెక్క తుపాకిని చూడని పల్లె ఉండదు. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. జనం నోట మాత్రం అది ‘త్రీ నాట్ త్రీ’. రెండు ప్రపంచ యుద్ధాలు చూసి, పట్టాళానికి పనికిరాని పాతబడిన సరుకుగా లెక్కతేలి, పోలీసు ఠాణాలకు చేరి మరో అరవై ఏళ్ళు కొలువు చేసిన తుపాకి ఇది.

ఇంత కాలం నిలిచిన ఈ రైఫిలు మీద ఒక ఫిర్యాదు మాత్రం మొదటి నుంచీ ఉన్నది. మొదటి తూటా పేలుతుంది. బోల్టు లాగి తోస్తే రెండోది రాదు. వచ్చినా అడ్డంగా ఇరుక్కుంటుంది. లేకుంటే ఎగిరి కింద పడుతుంది. ‘పాత సామాను, దీని పని అయిపోయింది’ అని తుపాకిని తిట్టడం పరిపాటి. కాని ఈ రైఫిళ్ళను విప్పి బాగుచేసే ఆర్మరర్ల అనుభవం వేరు. తప్పు చాలా సందర్భాలలో తుపాకిది కాదు. దాని కడుపులో వేలాడే రేకు పెట్టెది, లేదా ఆ పెట్టెలో తూటాలు పేర్చిన చేతిది. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్లే ఉంటుంది వ్యవహారం.

పుట్టు పూర్వోత్తరాలు

తూటాల పెట్టెను, అంటే మ్యాగజైనును, తుపాకి బోల్టు కింద అమర్చే ఉపాయం జేమ్స్ ప్యారిస్ లీ అనే ఆయనది. 1831లో స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడిన ఈయన 1879లో దానికి పేటెంటు పొందాడు. 1888లో బ్రిటిషు సైన్యం ఆ పెట్టెను తన కొత్త రైఫిలులో స్వీకరించింది. 1895లో లండను దగ్గరి ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం వారు గొట్టం లోపలి గాడులను మార్చడంతో ‘లీ ఎన్‌ఫీల్డ్’ అన్న జంట పేరు స్థిరపడింది. మన దేశంలో అందరూ ఎరిగిన ‘మార్కు మూడు’ రకం 1907 నాటిది. హుగ్లీ నది ఒడ్డున, కోల్‌కతాకు ఉత్తరాన ఉన్న ఈషాపూర్ రైఫిలు కర్మాగారంలో వీటిని దశాబ్దాల పాటు తయారు చేశారు.

‘పాయింట్ త్రీ నాట్ త్రీ’ అన్నది గొట్టం రంధ్రం కొలత. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 303 భాగాలు, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు. 1962లో చైనా యుద్ధంలో మన జవాన్లు మంచు కొండల మీద పోరాడింది ప్రధానంగా ఈ రైఫిలుతోనే. ఎదుటివారి చేతుల్లో ఒకదాని వెంట ఒకటి తనంతట తానే తూటా ఎక్కించుకొనే తుపాకులుండగా, మనవారు ప్రతి తూటాకూ బోల్టు లాగవలసి వచ్చింది. ఆ తరువాత సైన్యం కొత్త ఆయుధాలకు మారింది. పాత రైఫిళ్ళు రాష్ట్రాల పోలీసులకు, హోంగార్డులకు, ఎన్.సి.సి. శిక్షణ శిబిరాలకు తరలినాయి.

తలుపు గడియ లాంటిదే

ఈ యంత్రం అర్థం కావడం కష్టమేమీ కాదు. బోల్టు అంటే తలుపు గడియ వంటిది. పిడిని పైకెత్తి వెనక్కు లాగితే గడియ తెరుచుకుంటుంది, పేలిన ఖాళీ గొట్టం బయట పడుతుంది. తిరిగి ముందుకు తోస్తే పెట్టెలో పైన ఉన్న తూటాను అది వెనుక నుంచి నెట్టి గొట్టంలోకి పంపుతుంది. పిడిని కిందికి వాల్చితే గడియ పడినట్లే.

బోల్టు నెట్టడానికి తూటా సరిగ్గా ఆ ఎత్తున, ఆ వాలున సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధం చేసే బాధ్యత పెట్టెది. పెట్టెలో నాలుగు భాగాలను గుర్తు పెట్టుకోవాలి. ఒకటి రేకు డొక్కు. రెండు, అడుగున ముడుచుకొని ఉండే మెలికల స్ప్రింగు. మూడు, స్ప్రింగు మీద కూర్చుని తూటాలను పైకెత్తే పలక. నాలుగు, పైకి వచ్చిన తూటా ఎగిరిపోకుండా ఆపే మడత అంచులు. వీటిని పెదవులు అంటారు. పెట్టెలో పది తూటాలు రెండు వరుసలుగా, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఒదిగి కూర్చుంటాయి.

అంచుల తగాదా

ఇక అసలు చిక్కు తూటా ఆకారంలో ఉన్నది. త్రీ నాట్ త్రీ తూటా అడుగున మేకు తల మాదిరి ఉబ్బెత్తు అంచు ఉంటుంది. దాని మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. పేలిన తరువాత ఖాళీ గొట్టాన్ని పట్టి లాగడానికి ఈ అంచు బాగా పనికివస్తుంది. కాని పెట్టెలో పేర్చేటప్పుడు అదే పేచీ పెడుతుంది.

రెండు తలమేకులను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. పై మేకు తల కింది మేకు తలకు ముందు ఉంటే, పైదాన్ని ముందుకు తోసినప్పుడు అడ్డం లేకుండా జారిపోతుంది. పై మేకు తల కిందిదాని తలకు వెనుక పడిందా, తోయగానే కింది తలకు తట్టి ఆగిపోతుంది. బలంగా తోస్తే రెండూ కలిసి కదిలి ఇరుక్కుంటాయి. తుపాకిలో జరిగేదీ అంతే. ‘రెండో తూటా రాలేదు’ అన్న ఫిర్యాదులలో ఎన్నో ఈ అంచుల తగాదాతో మొదలైనవే.

దీనికి మందు ఖర్చు లేనిది. విడి తూటాలు ఎక్కించేటప్పుడు ప్రతి కొత్త తూటా అంచు కింది తూటా అంచుకు ముందు పడేట్లు చూడాలి. కొద్దిగా ముందుకు పెట్టి, కిందికి నొక్కి, ఆ తరువాతే వెనక్కు జరపాలి. ఐదేసి తూటాలను పట్టి ఉంచే ఉక్కు క్లిప్పులోనూ క్రమం ఉన్నది. మూడు తూటాల అంచులు కింద, రెండింటివి పైన, ఒకటి విడిచి ఒకటిగా ఉండాలి. అప్పుడు క్లిప్పును ఏ వైపు తిప్పి పెట్టినా ఒకటే. బొటనవేలితో ఒకే ఊపున నొక్కితే ఐదూ దిగుతాయి. ఆగి ఆగి నొక్కితే అంచులు తారుమారవుతాయి. తుప్పు పట్టిన, వంగిన క్లిప్పును పారవేయడమే మేలు.

లక్షణాన్ని బట్టి రోగం

వైద్యుడు నాడి చూసినట్లు, తూటా ఇరుక్కున్న తీరును బట్టి లోపం ఎక్కడున్నదో చెప్పవచ్చు.

బోల్టు తూటా మీదుగా ఖాళీగా జారిపోతే మొదట చూడవలసింది చేతినే. కంగారులో బోల్టును చివరి దాకా లాగకపోవడం అన్నిటికంటె సాధారణమైన తప్పు. అది తూటా అంచు వెనుకకు పోనిదే తూటాను నెట్టలేదు. చివరి దాకా లాగినా అదే జరిగితే పెట్టె కిందికి దిగి కూర్చున్నదని అర్థం. పెట్టెను పట్టి ఉంచే కొక్కెం అరిగి ఉండవచ్చు.

కొన్ని పాత రైఫిళ్ళకు పెట్టె పైన కుడివైపు ఒక పలుచని అడ్డు రేకు ఉంటుంది. దాన్ని లోపలికి నెడితే పెట్టెలోని తూటాలు దాపులో ఉండి, చేత్తో ఒక్కొక్కటి పెట్టి కాల్చవలసి ఉంటుంది. పది తూటాలూ ఆపద సమయానికి మిగలాలన్న పాత ఆలోచన అది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దాన్ని మానుకున్నారు. ఆ రేకు ఉన్న తుపాకి చేతికి వచ్చినవారు, అది మూసి ఉన్న సంగతి తెలియక, పెట్టె చెడిందని భ్రమపడతారు.

తూటా మొన కిందికి వాలి ముందు గోడకు గుచ్చుకుంటే స్ప్రింగు చచ్చుబడిందనో, పలక ముందు భాగం పైకి లేవడం లేదనో అర్థం. మొదటి ఏడెనిమిది తూటాలు బాగా వచ్చి చివరి ఒకటి రెండు మొరాయించినా అనుమానం స్ప్రింగు మీదికే పోవాలి. తూటా ఎగిరి బయట పడినా, రెండేసి ఒకేసారి లేచి వచ్చినా పెదవులు వెడల్పయినాయి. పెట్టె కింద పడినప్పుడు, బల్లకేసి కొట్టినప్పుడు ఇట్లా జరుగుతుంది. తూటా అసలు పైకి లేవకుండా మధ్యలో ఆగితే డొక్కు సొట్టపోయి ఉండాలి, లేదా లోపల ఎండిన నూనె, దుమ్ము గట్టిపడి ఉండాలి.

ముందు భద్రత, తరువాతే మరమ్మతు

ఇరుక్కున్న తుపాకి ఖాళీ తుపాకి కంటె, నిండు తుపాకి కంటె ప్రమాదకరమైనది. అందులో ఏమున్నదో పట్టుకున్నవానికి తెలియదు. గొట్టంలో పేలని తూటా ఒకటి మిగిలి ఉండగా, దాని వెనుక మరో తూటాను బలంగా తోస్తే, రెండోదాని మొన మొదటిదాని అడుగున ఉన్న మందు టోపీకి తగిలే ప్రమాదం ఉన్నది. కనుక బోల్టును బలవంతంగా తోయరాదు. కాలితో తన్నడం, నేలకేసి కొట్టడం అసలే పనికిరాదు.

రైఫిలు మూతిని మనుషులు లేని వైపు ఉంచి, ట్రిగ్గరు నుంచి వేలు తీసి, బోల్టును మెల్లగా వెనక్కు లాగాలి. ట్రిగ్గరు ముందున్న కొక్కెం నొక్కి పెట్టెను ఊడదీయాలి. తూటాలన్నీ తీసి లెక్క చూసుకోవాలి. చివరగా గొట్టం లోపల కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని నిర్ధారించుకోవాలి. మరమ్మతు చేసే బల్ల మీద నిజమైన తూటా ఒక్కటీ ఉండరాదు.

శుభ్రమే సగం మందు

ఊడదీసిన పెట్టెలో పలక వెనుక భాగాన్ని వేలితో నొక్కితే ముందు భాగం పెదవుల నుంచి తప్పుకుంటుంది. అప్పుడు పలక, స్ప్రింగు కలిసి పైకి వస్తాయి. కిరసనాయిలుతో లోపలంతా కడిగి, పాత నూనె చెక్కులు గీకి, గుడ్డతో పొడిగా తుడవాలి. మనవైపు వానాకాలపు చెమ్మకు, ఎండాకాలపు దుమ్ముకు మధ్య పెట్టె లోపల ఎంత మట్టి చేరుతుందో ఒకసారి విప్పినవారికి తెలుస్తుంది. తుప్పు గరుకును సన్నని ఉక్కు పీచుతో తీసి, పలుచని నూనె పూత వేస్తే చాలు. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి మళ్ళీ మొదటికే వస్తుంది. తూటాలకు నూనె రాయడం మాత్రం పొరపాటున కూడా కూడదు. పేలినప్పుడు ఇత్తడి గొట్టం తుపాకి గోడలను పట్టుకొని ఒత్తిడిలో కొంత భాగాన్ని భరిస్తుంది. నూనె ఉంటే ఆ పట్టు జారి, భారమంతా బోల్టు మీద పడుతుంది.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు, ఎన్నో పెట్టెల జబ్బు ఈ కడుగుడుతోనే పోతుంది. పోకపోతే పలకను వేలితో అడుగు దాకా నొక్కి వదలాలి. ఎక్కడా తట్టకుండా, రెండు చివరలూ సమంగా పైకి రావాలి. నీరసంగా లేచే స్ప్రింగును చేతులతో సాగదీయడం కొందరికి అలవాటు. అది నాలుగు రోజుల ముచ్చట. స్ప్రింగును మార్చడమే దారి. సొట్టను లోపల గట్టి చెక్క దిమ్మె పెట్టి మెల్లగా సరిచేయవచ్చు. పెదవులను వంచడం ఆర్మరర్ చేతి పని. బాగా పనిచేసే పెట్టెను పక్కన పెట్టుకొని, వెంట్రుకవాసి చొప్పున వంచుతూ, ప్రతిసారీ డ్రిల్లు తూటాలతో పరీక్షించాలి. ఇవి మందు లేని ఉత్తుత్తి తూటాలు. పదింటికి పది ఆగకుండా గొట్టంలోకి పోయి బయటికి వస్తేనే పని పూర్తయినట్లు.

ఎవరి పెట్టె వారిదే

పాత రైఫిళ్ళకు మరో శాపం ఉన్నది. అదే పెట్టెల మార్పిడి. చూడడానికి అన్నీ ఒకే తీరున ఉంటాయి. కాని ఒక రైఫిలుకు సరిచేసిన పెట్టె మరో దానిలో అంతే బాగా కూర్చుంటుందన్న హామీ లేదు. ‘మార్కు మూడు’ పెట్టె, రెండో ప్రపంచ యుద్ధ కాలపు ‘నంబరు నాలుగు’ రైఫిలు పెట్టె కవల పిల్లల వలె కనిపించినా ఒకదానికొకటి కుదరవు. చైనా యుద్ధం తరువాత ఈషాపూర్‌లో ఇదే నమూనాలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు ‘2ఏ’, ‘2ఏ1’ రైఫిళ్ళు తయారు చేశారు. ఆ తూటాకు బయటికి పొడుచుకు వచ్చే అంచు లేదు, కనుక అంచుల తగాదా లేదు. దాని పెట్టె వేరు, తూటా వేరు. ఒకదాని తూటా మరొకదానిలో పెట్టడం ప్రాణాపాయం.

సైన్యంలో ఉన్నంత కాలం ఏ రైఫిలుకు ఏ పెట్టె అన్న లెక్క ఉండేది. మిగులు సరుకుగా చేతులు మారి, గోదాముల్లో కుప్పలు పోసి, తిరిగి పంచినప్పుడు జంటలు విడిపోయినాయి. ఇంగ్లండు, కెనడా, అమెరికాలలో మిగులు రైఫిళ్ళు కొనుక్కున్న వేటగాళ్ళదీ ఇదే గోడు. పరిష్కారం సులువు. డ్రిల్లు తూటాలతో నాలుగైదు పెట్టెలు పెట్టి చూసి, కుదిరినదాని మీద ఆ రైఫిలు నంబరు రాసి ఉంచడమే.

తూటా రాకపోవడం వేరు, పేలకపోవడం వేరు

ఈ రెండింటినీ కలిపేయడం వల్ల అసలు రోగం దొరకదు. 2019 ఆగస్టులో బీహారు మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ మిశ్రా అంత్యక్రియలు సుపౌల్ జిల్లాలో ప్రభుత్వ లాంఛనాలతో జరిగినప్పుడు, గౌరవ వందనానికి ఎత్తిన పోలీసు రైఫిళ్ళలో ఒక్కటీ పేలలేదు. దేశమంతా ఆ వార్త చదివి విస్తుపోయింది. అన్ని రైఫిళ్ళూ ఒకేసారి విఫలమయినప్పుడు మొదట అనుమానించవలసింది తూటాలను, వాటిని నిలవ చేసిన తీరును. పెట్టె లోపం ఒక్కొక్క రైఫిలుకు విడిగా వస్తుంది. మందు చెమ్మగిల్లితే మొత్తం పెట్టుబడి ఒకేసారి మునుగుతుంది.

ప్రాణాల మీది సంగతి

ఇంతకూ ఒక పాత రేకు పెట్టె గురించి ఇంత చర్చ ఎందుకంటే, దాని వెనుక మనిషి నిలబడి ఉంటాడు గనుక. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి ఛత్రపతి శివాజీ రైలు స్టేషనులోకి ఏ.కె. రైఫిళ్ళతో ఉగ్రవాదులు చొరబడినప్పుడు, అక్కడి పోలీసుల చేతుల్లో ఉన్నవి లాఠీలు, కొన్ని త్రీ నాట్ త్రీలు. అటువంటి క్షణంలో బోల్టు లాగి తోసిన జవానుకు రెండో తూటా రావడం, రాకపోవడం చావు బతుకుల తేడా. ఆయుధం పాతదైతే మార్చడం ప్రభుత్వం పని. మార్చేదాకా ఉన్నదాన్ని పనిచేసేట్లు ఉంచడం అంతకంటె తక్కువ పనేమీ కాదు.

ఆ తరువాత పోలీసు శాఖలు కొత్త ఆయుధాల వైపు కదిలినాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారు. కెనడాలో మంచు ప్రాంతాలను కాపలా కాసే రేంజర్లు 1947 నుంచి వాడిన లీ ఎన్‌ఫీల్డులను 2010 దశకం చివరలో కొత్త రైఫిళ్ళతో మార్చుకున్నారు. ఎముకలు కొరికే చలిలోనూ పనిచేస్తుందన్న నమ్మకంతోనే వారు దాన్ని డెబ్బై ఏళ్ళు వదలలేదు. సక్రమంగా చూసుకుంటే ఈ యంత్రం ఎంత కాలం నిలుస్తుందో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

రైతులకూ వర్తిస్తుంది

త్రీ నాట్ త్రీ పౌరులు సాధారణ లైసెన్సుపై ఉంచుకొనే ఆయుధం కాదు. అది నిషిద్ధ బోరు కింద వస్తుంది. అయితే పంట కాపలాకో, ఆత్మరక్షణకో లైసెన్సు పొందినవారిలో కొందరి ఇళ్ళలో ‘త్రీ ఫిఫ్టీన్’ రైఫిలు ఉన్నది. ప్రభుత్వ కర్మాగారంలో తయారైన ఆ రైఫిలు లీ ఎన్‌ఫీల్డు నమూనాకు తోబుట్టువు. దాని తూటాకూ ఉబ్బెత్తు అంచు ఉన్నది. కనుక అంచుల క్రమం, పెట్టె శుభ్రం, బోల్టును చివరి దాకా లాగడం, ఈ మూడు సూత్రాలూ దానికీ వర్తిస్తాయి.

లైసెన్సుదారులు చేయవలసింది పెట్టె విప్పి తుడవడం వరకే. పెదవులు వంచడం, కొక్కెం మార్చడం, బోల్టు విప్పడం వంటి పనులను ఊరి కమ్మరి కొలిమికో, వెల్డింగు షాపుకో అప్పగించరాదు. చట్ట ప్రకారం అనుమతి ఉన్న తుపాకుల మరమ్మతుదారుకే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవాలి, లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకోవాలి. ఇంట్లో తుపాకిని ఒక చోట, తూటాలను మరో చోట తాళం వేసి ఉంచాలి. పెట్టెను మాత్రం ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు వెలిసిన తరువాత ఒకసారి విప్పి తుడిస్తే, అవసరం వచ్చిన రోజున రెండో తూటా మొరాయించదు.